సొంతమా, బాడుగా? – తెలుగునేలపై వ్యక్తిగత విమాన నిర్వహణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక వ్యక్తి లేదా సంస్థ సొంతంగా కొన్న విమానాన్ని తన ప్రయాణాలకే ఉంచుకోవాలా, అనుమతి పొంది ఇతరులకు బాడుగకు తిప్పాలా అనే ప్రశ్న పైకి సంపన్నుల ఆదాయవ్యయాల లెక్కగా కనిపిస్తుంది. 1932లో బళ్ళారి మీదుగా సాగిన టపా విమానం మొదలు, దక్కన్ ఎయిర్‌వేస్, 1953 నాటి జాతీయీకరణ, పుట్టపర్తి విమానాశ్రయం, 2007 నాటి దిగుమతి సుంకం మినహాయింపు, దాని మీద నడిచిన వ్యాజ్యాల వరకు ఈ ప్రశ్న ఏయే రూపాల్లో ఎదురైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సొంతానికీ బాడుగకూ మధ్య చట్టం గీసిన గీత ప్రధానంగా ప్రయాణికుడి భద్రతకూ ప్రజాధనానికీ ఎవరు జవాబుదారీ అన్నది నిర్ణయించే గీత అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విమానయాన చరిత్ర, బాడుగ, దక్కన్ ఎయిర్‌వేస్, పుట్టపర్తి, దిగుమతి సుంకం, గోరంట్ల, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

ప్రతిఫలానికి వస్తువును వాడుకోనివ్వడాన్ని తెలంగాణలో కిరాయి అంటారు. కోస్తాలో అద్దె అనే మాట ఎక్కువ. రాయలసీమలో బాడుగ అన్నది నిత్యవ్యవహారం. కన్నడంలోని బాడిగె దీనికి తోబుట్టువు. అనంతపురం కరవు పీఠభూమిలో, చిత్రావతి ఒడ్డున ఉన్న గోరంట్ల వంటి ఊళ్లో ‘సొంత బండి’, ‘బాడుగ బండి’ అనే విభజన ఎద్దులబండ్ల కాలం నుంచి జీపులూ టెంపోల కాలం దాకా కొనసాగింది. మోటారు వాహనాల చట్టం ఆ విభజనకు రంగులు అద్దింది. తెల్ల బోర్డు సొంతానికి, పసుపు బోర్డు బాడుగకు. తెల్ల బోర్డు బండిని బాడుగకు తిప్పితే రవాణాశాఖకు జరిమానా కట్టవలసి వస్తుందన్న సంగతి పల్లెల్లోనూ అందరికీ తెలుసు.

విమానానికి అటువంటి రంగుబోర్డు లేదు. తోక మీది రిజిస్ట్రేషన్ అక్షరాలను చూసి అది యజమాని ప్రయాణాలకు పరిమితమైనదో, బాడుగకు తిరిగేదో సామాన్యుడు చెప్పలేడు. ఆ తేడా అనుమతిపత్రాల్లోనూ, సుంకపు దస్త్రాల్లోనూ, పైలట్ లైసెన్సులోనూ దాగి ఉంటుంది. అందుకే దాన్ని చరిత్ర నుంచి వెలికి తీయవలసి వస్తుంది. ఈ చర్చకు గోరంట్లతో నేరుగా సంబంధం ఉంది. గోరంట్ల మండలంలోని పాలసముద్రం వద్ద జాతీయ కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల అకాడమీకి 2015లో శంకుస్థాపన జరిగింది. 2024 జనవరి 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దాన్ని ప్రారంభించారు. విదేశాల నుంచి వచ్చే విమానం ‘సొంతానికా, బాడుగకా’ అని ప్రశ్నించే అధికారులు శిక్షణ పొందే చోటు అది.

2. బళ్ళారి మజిలీ: వ్యక్తిగత అభిరుచి నుంచి ప్రతిఫల సేవకు

1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో మొదటి పైలట్ లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా, మరుసటి ఏడాది ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా భారత్–ఇంగ్లండ్ పోటీలో పాల్గొన్నాడు. అస్పీ ఇంజనీర్ గెలిచాడు. అప్పటికి టాటాకు విమానం అభిరుచి, సాహసం. మూడేళ్లు తిరగకముందే అది వృత్తిగా మారింది. 1932 అక్టోబరు 15న అతడు పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ సంచులను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు.

బళ్ళారి నాడు మద్రాసు రాజధానిలోని జిల్లా. అనంతపురం జిల్లా 1882లో దాని నుంచే విడివడింది. కాబట్టి దేశపు తొలి విమాన టపామార్గాల్లో ఒకటి ఈ పీఠభూమి ఆకాశం మీదుగానే సాగింది. ఇక్కడ గమనించవలసింది సేవ స్వభావం. ప్రభుత్వం సహాయధనం ఇవ్వలేదు. మోసిన టపాకు దక్కిన చెల్లింపే ఆధారం. పైలట్ తన సరదాకు ఎగిరినప్పుడు వాతావరణం బాగుండకపోతే ఆగిపోవచ్చు. ప్రతిఫలం పుచ్చుకున్నవాడు వేళకు చేరాలి, సంచులకు లెక్క చెప్పాలి. సొంతం బాడుగగా మారిన క్షణంలో యజమానికి ఆదాయంతో పాటు ఇతరుల పట్ల బాధ్యత కూడా పుట్టింది. 1934 నాటి విమానాల చట్టం, 1937 నాటి విమానాల నిబంధనలు ఈ నేపథ్యంలోనే రూపుదిద్దుకున్నాయి.

3. దక్కన్ ఎయిర్‌వేస్, సిడ్నీ కాటన్, జాతీయీకరణ

తెలుగునేల నుంచి క్రమబద్ధంగా నడిచిన తొలి పెద్ద సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి 1945లో దీన్ని స్థాపించాయి. బేగంపేట దీనికి కేంద్రం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక మిగులు డకోటా విమానాలు చౌకగా దొరకడంతో దేశమంతటా విమాన సంస్థలు పుట్టుకొచ్చాయి. ప్రేమ్ మాథుర్‌ను వాణిజ్య పైలట్‌గా తీసుకొన్న సంస్థగానూ దక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రలో నిలిచింది. అప్పటికి ఇతర సంస్థలు మహిళను ఆ ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనుకాడాయి.

అదే హైదరాబాదు 1948లో మరో రకం బాడుగను చూసింది. ఆస్ట్రేలియా దేశస్థుడైన సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుంచి హైదరాబాదు సంస్థానానికి రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. తరువాత బ్రిటన్‌లో విచారణను ఎదుర్కొని జరిమానా చెల్లించాడు. దక్కన్ ఎయిర్‌వేస్ బహిరంగంగా ప్రయాణికులను మోసింది. కాటన్ విమానాలు రాత్రి చీకట్లో ఆయుధాలను మోశాయి. రెండూ ప్రతిఫలం పుచ్చుకున్న సేవలే. బాడుగ విమానం మీద రాజ్యానికి పన్ను దృష్టి కన్నా ముందే నిఘా దృష్టి ఎందుకు పడిందో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

యుద్ధానంతరం సంస్థలు ఎక్కువై, రాబడి చాలక నష్టపోవడంతో 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. ఆపై 1953 నాటి విమాన సంస్థల చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యాయి. రెండు నెలలకు, అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది; బళ్ళారి మైసూరు వైపు వెళ్లింది.

జాతీయీకరణ చట్టం ప్రైవేటు వారికి మూసింది సమయపట్టిక ప్రకారం నడిచే సేవను మాత్రమే. సొంత విమానాన్ని ఉంచుకోవడాన్నిగానీ, సమయపట్టిక లేకుండా బాడుగకు తిప్పడాన్నిగానీ అది పూర్తిగా నిషేధించలేదు. నలభై ఏళ్ల పాటు ఈ సందు తెరిచే ఉంది. 1990ల ఆరంభంలో ‘ఎయిర్ టాక్సీ’ పేరుతో ప్రైవేటు సంస్థలు రంగప్రవేశం చేసింది ఈ సందులోంచే. 1994లో పాత చట్టం రద్దయ్యాక అవి షెడ్యూల్డ్ సంస్థలుగా మారగలిగాయి.

4. చట్టం గీసిన గీత

1937 నాటి నిబంధనల ప్రకారం ఏ రూపంలోనైనా ప్రతిఫలానికి మనుషులనో, టపానో, మరే వస్తువునో గాలిలో చేరవేయడం ‘విమాన రవాణా సేవ’ అవుతుంది. అది ఒక్క ప్రయాణమైనా సరే, వరుస ప్రయాణాలైనా సరే. ‘ఒక్క ప్రయాణం’ అన్న మాటలోనే కీలకం ఉంది. ఏడాదంతా సొంతానికి వాడి, ఒక్క రోజు మాత్రం తెలిసినవారి నుంచి డబ్బు తీసుకొని తీసుకెళ్లినా ఆ రోజు గీత దాటినట్టే. అలా దాటిన సేవల్లో, ప్రకటిత సమయపట్టికతోగానీ ఒక క్రమం గోచరించేంత తరచుగాగానీ ప్రజలందరికీ అందుబాటులో నడిచేది షెడ్యూల్డ్ సేవ. తక్కినది నాన్ షెడ్యూల్డ్ సేవ. చార్టర్ విమానాలు ఈ రెండో తరగతికి చెందుతాయి.

గీతకు ఇటువైపు ఉన్న యజమానికి నియమాలు తక్కువ. నలభై గంటల ఎగిరే అనుభవంతో లభించే ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంటే, ప్రతిఫలం లేకుండా తన విమానాన్ని తానే నడుపుకోవచ్చు. అటువైపుకు వెళితే కనీసం 200 గంటల అనుభవంతో వాణిజ్య లైసెన్సు పొందిన పైలట్ కావాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నుంచి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ పొందాలి. విమానం ఆ పర్మిట్‌లో నమోదు కావాలి. భద్రతకు, నిర్వహణకు, శిక్షణకు పేరుపేరునా బాధ్యులను నియమించాలి. పైలట్ల పనిగంటల మీద, విశ్రాంతి మీద నిఘా ఉంటుంది. యజమాని తన ప్రాణాన్ని తాను పణంగా పెట్టుకోవచ్చు గానీ డబ్బు కట్టి ఎక్కినవాడి ప్రాణాన్ని అలా పెట్టలేడు అన్నదే ఈ నియమాల వెనుక ఉన్న తర్కం. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమలులోకి వచ్చినా ఈ మౌలిక తర్కం మారలేదు.

5. పుట్టపర్తి: నేల మీద అదే ప్రశ్న

ఆకాశంలోని ఈ విభజన నేల మీద కూడా ఉంది. విమానాశ్రయాలకు ఇచ్చే లైసెన్సుల్లో ప్రజా వినియోగం, ప్రైవేటు వినియోగం అని రెండు తరగతులు. గోరంట్లను తాకే చిత్రావతి దిగువకు ప్రవహించి చేరే పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు నిర్మించిన విమానాశ్రయం 1990లో ప్రారంభమైంది. అది ప్రైవేటు వినియోగ తరగతికి చెందింది. యజమాని అనుమతించిన వారికే అక్కడ దిగే వీలు. కొంతకాలం అక్కడికి సాధారణ ప్రయాణికుల విమానాలు నడిచాయి. అవి ఆగిపోయాక ప్రముఖుల ప్రత్యేక విమానాలు, చార్టర్ విమానాలే మిగిలాయి. 2011 ఏప్రిల్‌లో సత్యసాయి బాబా నిర్యాణ సమయంలో దేశం నలుమూలల నుంచి ప్రముఖులు ఈ రన్‌వే మీదనే దిగారు.

వర్షం కోసం ఆకాశం వైపు చూసే ప్రాంతంలో ప్రత్యేక విమానాల కోసం రన్‌వే వెలవడం వైరుధ్యంగా తోచవచ్చు. కానీ చరిత్రకారుడు గమనించవలసింది మరొకటి. సొంత వనరుగా నిర్మించినది ప్రజావసరంగా మారుతుందా అన్న ప్రశ్న ఇక్కడ విమానానికే గాక విమానాశ్రయానికీ వర్తించింది. సమయపట్టిక సేవలు నడిచిన కాలంలో టికెట్ కొన్న ఎవరైనా ఆ రన్‌వే మీద దిగగలిగారు. అవి నిలిచిపోయాక ఈ ప్రాంతపు సాధారణ ప్రయాణికుడికి 2008లో తెరుచుకొన్న దేవనహళ్ళి విమానాశ్రయమే దారి అయింది. కట్టడం మారలేదు, వాడుక మారింది. సొంతం, బాడుగ అన్నవి వస్తువు గుణాలు కావని, అవి వాడుకకు సంబంధించిన గుణాలని పుట్టపర్తి ఉదాహరణ తేల్చి చెబుతుంది.

6. 2007: సుంకం అడిగిన ప్రశ్న

వాడుకను బట్టి తరగతి మారుతుందన్న ఈ సూత్రమే 2007 తరువాత కోర్టుకెక్కింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్‌లో ఆర్థికమంత్రి పి. చిదంబరం ప్రైవేటుగా దిగుమతి చేసుకొనే విమానాలు, హెలికాప్టర్ల మీద 3 శాతం కస్టమ్స్ సుంకాన్ని, దానికి తోడు ప్రతిసమాన సుంకాన్ని, అదనపు సుంకాన్ని ప్రతిపాదించారు. అన్నీ కలిస్తే విమానం ధరలో దాదాపు నాలుగో వంతు. 2007 మే 3న వెలువడిన నోటిఫికేషన్ నాన్ షెడ్యూల్డ్ ప్రయాణికుల సేవలకు, చార్టర్ సేవలకు దిగుమతి చేసుకొనే విమానాలను ఈ భారం నుంచి మినహాయించింది. ప్రధాన షరతు: విమానాన్ని ఆ సేవకే వాడతానని దిగుమతిదారు హామీపత్రం ఇవ్వాలి, మాట తప్పితే సుంకం మొత్తం చెల్లించాలి. చార్టర్ సేవ అంటే ప్రకటిత ధరలకు ఎవరికైనా విమానాన్ని బాడుగకు ఇచ్చేదని నోటిఫికేషన్ వివరణ ఇచ్చింది.

దీంతో యజమానుల ఎంపిక స్వభావమే మారింది. అంతవరకు బాడుగకు తిప్పడం అదనపు ఆదాయం కోసం తీసుకొనే నిర్ణయం. ఇప్పుడు బాడుగ పర్మిట్ తీసుకోవడమే కోట్ల రూపాయల ఆదాకు మార్గం. పర్మిట్ తీసుకొని, విమానాన్ని ఎక్కువగా తమ సంస్థల అధిపతుల ప్రయాణాలకే వాడారన్న అనుమానంతో కస్టమ్స్ శాఖ దేశవ్యాప్తంగా నోటీసులు జారీ చేసింది. ఈ వివాదాల్లో ప్రసిద్ధమైనది రాయలసీమ రోడ్ల మీద లారీలూ బస్సులూ నడిపే, హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న వీఆర్‌ఎల్ లాజిస్టిక్స్ పేరుతో నడిచిన కేసు. రోడ్డు మీద బాడుగ వ్యాపారంలో ఆరితేరిన సంస్థే ఆకాశంలో బాడుగ అంటే ఏమిటన్న ప్రశ్నకు కేంద్రమైంది.

చర్చ ప్రధానంగా మూడు అంశాల చుట్టూ తిరిగింది. తన సంస్థకూ అనుబంధ సంస్థలకూ ప్రతిఫలం తీసుకొని విమానం ఇస్తే అది సేవ అవుతుందా? ధరలు బహిరంగంగా ప్రకటించకపోతే మినహాయింపు పోతుందా? డీజీసీఏ పర్మిట్ ఇచ్చి, ఏటా దాన్ని పర్యవేక్షిస్తున్నప్పుడు, షరతు ఉల్లంఘన జరిగిందని కస్టమ్స్ అధికారి స్వతంత్రంగా తేల్చవచ్చా? 2022లో అప్పీళ్ల ట్రిబ్యునల్ విస్తృత ధర్మాసనం మొత్తం మీద నిర్వాహకుల వైపు మొగ్గింది. పర్మిట్ ఇచ్చిన శాఖ నిర్ణయానికి ప్రాధాన్యం ఇచ్చింది.

చట్టపరంగా ఈ తీర్పుకు బలమైన ఆధారం ఉంది. ప్రతిఫలం ఉంటే సేవ అని 1937 నుంచి నిర్వచనం చెబుతూనే ఉంది. ఎక్కినవాడు యజమానికి బంధువా, అపరిచితుడా అని అది అడగలేదు. అయినా చరిత్ర దృష్టితో చూస్తే మినహాయింపు ఉద్దేశం వేరు. బాడుగ విమానాల సంఖ్య పెంచి, ఎవరికైనా అవి దొరికేలా చేయడం కోసం ప్రభుత్వం రాబడిని వదులుకుంది. కుడిచేతి జేబులోంచి ఎడమచేతి జేబులోకి బాడుగ చెల్లించుకొనే ఏర్పాటు నిర్వచనానికి లోబడుతుంది గానీ ఆ ఉద్దేశాన్ని నెరవేర్చదు. లోపం యజమాని ఎంపికలో కన్నా, అక్షరానికీ ఉద్దేశానికీ మధ్య ఖాళీ వదిలిన నోటిఫికేషన్‌లోనే ఎక్కువ.

7. యజమాని ముందున్న లెక్క

వస్తుసేవల పన్ను వచ్చాక ఈ అంతరం ఇంకా పెరిగింది. వ్యక్తిగత వినియోగ విమానం మీద 28 శాతం పన్ను, 3 శాతం పరిహార సెస్సు ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 40 శాతమైంది. ఇతర వినియోగానికైతే 5 శాతమే. ఉదాహరణకు 50 కోట్ల రూపాయల విలువైన విమానానికి ఒక దారిలో 20 కోట్లు, మరో దారిలో రెండున్నర కోట్లు. పైగా ప్రయాణికుల రవాణాకు వాడే విమానం మీద చెల్లించిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు. సొంత వాడుకకు ఆ సౌకర్యం లేదు.

ఈ ఒక్క లెక్కనే చూసి బాడుగ దారి పట్టడం పొరపాటు. హ్యాంగర్, బీమా, పైలట్ల జీతాలు, వార్షిక తనిఖీలు విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పని ఖర్చులు. బాడుగ రాబడి వీటిలో కొంత భాగాన్ని భర్తీ చేస్తుంది. ప్రతిగా విమానం ఎక్కువ గంటలు ఎగురుతుంది; ఇంజను మరమ్మతులు ముందుకు జరుగుతాయి; పర్మిట్ నిలుపుకోవడానికి కావలసిన సిబ్బంది భారం పెరుగుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, యజమానికి అవసరమైన రోజున విమానం మరొకరి దగ్గర ఉండవచ్చు. ఎన్నికల ప్రచార కాలంలో హెలికాప్టర్లకు గిరాకీ పెరిగే తెలుగు రాష్ట్రాల్లో ఈ ఇబ్బంది మరీ స్పష్టం. బాడుగ బాగా పలికే రోజులూ, వ్యాపారంలోనో రాజకీయంలోనో ఉన్న యజమానికి విమానం కావలసిన రోజులూ ఒకటే అవుతాయి.

8. జవాబుదారీతనం: రెండు విషాదాలు

లెక్కల వెనుక ఉన్న అసలు విషయం ప్రాణభద్రత. తెలుగువారి స్మృతిలో నిలిచిన రెండు దుర్ఘటనలు దీన్ని గుర్తుచేస్తాయి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కృష్ణా జిల్లా కైకలూరు వద్ద హెలికాప్టర్ కూలి మరణించారు. అది ప్రైవేటు సంస్థకు చెందిన బెల్ 206. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా అయిదుగురు నల్లమలలోని పావురాలగుట్ట వద్ద దుర్మరణం పాలయ్యారు. అది రాష్ట్ర ప్రభుత్వపు సొంత హెలికాప్టర్ బెల్ 430. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని సంఘం ఆ ప్రమాదంపై విచారణ జరిపింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి సొంతం మేలనో, బాడుగ మేలనో తీర్మానించడం తొందరపాటు. ఒకటి బయటి సంస్థది, మరొకటి సొంతానిది. విషాదం రెండింటినీ వదలలేదు. అయితే ప్రమాదం తరువాత అడిగే ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే. విమానాన్ని ఎవరు సిద్ధం చేశారు? వాతావరణాన్ని ఎవరు అంచనా వేశారు? వద్దని చెప్పే అధికారం ఎవరికి ఉంది? బాడుగ నిర్వహణలో ఈ ప్రశ్నలకు సమాధానం ముందుగానే కాగితం మీద ఉండాలని చట్టం కోరుతుంది. సొంత నిర్వహణలో ఆ భారం చాలావరకు యజమాని విచక్షణ మీద పడుతుంది. తనకు జీతం ఇచ్చే యజమాని వెనుక సీటులో కూర్చొని ‘పోదాం’ అన్నప్పుడు ‘వద్దు’ అనగలిగే పైలట్ ఉండటమే సొంత విమానానికి అసలైన బీమా.

9. ముగింపు

1932లో బళ్ళారి మీదుగా వెళ్లిన టపాసంచి నుంచి 2022 నాటి ట్రిబ్యునల్ తీర్పు దాకా ఒకే ప్రశ్న రూపాలు మార్చుకొంటూ వచ్చింది. సంస్థానాల కాలంలో అది నిఘా ప్రశ్న. జాతీయీకరణ కాలంలో గుత్తాధిపత్య ప్రశ్న. సరళీకరణ తరువాత పన్ను ప్రశ్న. మూడింటిలోనూ చట్టం చూసింది వాడుకనే. విమానం ఎవరి పేర ఉందన్నది దానికి రెండో విషయం.

సొంత విమానం ఉన్నవాడు ముందుగా తాను ఎవరికి జవాబు చెప్పడానికి సిద్ధమో తేల్చుకోవాలి. లాభం లెక్క ఆ తరువాతిది. ఇతరుల ప్రాణాలకు, ప్రజలు వదులుకొన్న సుంకానికి లెక్క చెప్పగలిగితే బాడుగ దారి సమంజసం. అందుకు సిద్ధం కానివారు పన్ను కట్టి సొంతానికి ఉంచుకోవడమే న్యాయం. పన్ను ఒక దారిదీ, ప్రయాణం మరో దారిదీ కావడమే ఈ చరిత్రలో పదేపదే వివాదమైంది. గోరంట్ల సంతకు తెల్ల బోర్డు జీపులో బాడుగ మనుషులను ఎక్కించుకొనేవాడికి వర్తించే న్యాయం ఆకాశంలో ఎగిరేవాడికీ వర్తించాలి. పాలసముద్రంలో శిక్షణ పొంది వెళ్లే అధికారులు రేపు ఈ దస్త్రాలను తెరిచినప్పుడు అక్షరంతో పాటు ఉద్దేశాన్నీ చదవగలగడానికి, ఆ ఉద్దేశాన్ని సందుల్లేకుండా రాసిన నోటిఫికేషన్ ముందుగా వారి చేతికి అందాలి.